ఆ వంకకి తిప్పమన్నాను

సబ్హాన్, కువైట్
ఆదివారం, మధ్యాహ్నం

అక్కకి, బావగారికి మీ రాంబాబు చేతులు జోడించి రాసుకునేది. నేను బాగానే ఉన్నాను. ఒంట్లో నలత లేదు, దెబ్బలు లేవు, రెండు పూటలా ఏదో ఒకటి తింటున్నాను. అక్కడ నువ్వూ, బావగారూ, అత్తయ్యగారూ, మా చిన్నీ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలుసుకునే దారి లేదు. ఇరాక్ సైన్యం ఈ ఊళ్ళోకి దిగి ఏడు వారాలైంది. ఆ రోజు నుంచి ఉత్తరం రాదు, పోదు, ఫోను పలకదు. అక్కడ రేడియోలో ఏమేం చెబుతున్నారో, అవి విని నువ్వు ఎన్ని పూటలు అన్నం మానేశావో నాకు తెలుసు. మానకు. నేను బాగానే ఉన్నాను.

ఈ కాగితాలు నాతో గదిలో ఉండే సూరిబాబు తెచ్చి నీకిస్తాడు. వాడు వాకిట్లోకి రాగానే నువ్వు వాడి వెనక నా కోసం చూస్తావు. నేను ఉండను. రేపు పొద్దున్న బయలుదేరే బస్సులో నా పేరు కూడా ఉంది. బస్సు బస్రా వెళ్ళి, అక్కణ్ణుంచి బాగ్దాదు, అక్కణ్ణుంచి అమ్మాన్ చేరుతుంది. అమ్మాన్‌లో బొంబాయికి విమానం. జాబితాలో సూరిబాబు పేరు కిందే నా పేరు. అయినా నేను ఎక్కడం లేదు. ఎందుకో చెప్పాలంటే మా గదిలో మూడోవాడు ఓబులేసు సంగతి చెప్పాలి. ఓబులేసు సంగతి చెప్పాలంటే మొన్న శివరాత్రి వెళ్ళాక మీ ఊరి వాగులో మేం చేసిన నిర్వాకం మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. నాకు తెలిసిందేగా అనకు. నీకు తెలిసింది తప్పు. మొన్నటిదాకా నాకు తెలిసిందీ తప్పే.

ముందు ఇక్కడి సంగతి. మా వర్క్‌షాపు మూతపడింది. రెండో వారంలో సైనికులు లారీ వేసుకొచ్చి వెల్డింగు మిషన్లు, కంప్రెసరు, గ్యాసు సిలిండర్లు, చివరికి నేను వెల్డింగు చేసేటప్పుడు పెట్టుకునే నల్లద్దాలు కూడా పట్టుకుపోయారు. వాటితో ఏం చేసుకుంటారో వాళ్ళకే తెలియాలి. ఆఫీసు గదిలో బీరువా బోర్లా పడేసి కాగితాలన్నీ తగలబెట్టారు. షెడ్డు వెనక మేం ఉండే గది జోలికి మాత్రం రాలేదు. అందులో ఎత్తుకుపోవడానికి మా మంచాలు తప్ప ఏమీ లేవు, వాటిని చూస్తే వాళ్ళకే జాలేసి ఉంటుంది. ఎండ ఇంకా తగ్గలేదు. రేకుల కింద పగలంతా ఉడికిపోతున్నాం. బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది. ఖుబుస్, అదే ఇక్కడి రొట్టె, దాని కోసం రోజూ సాయంత్రం రెండు గంటలు లైన్లో నిలబడతాం. చింతపండు అయిపోయి పది రోజులైంది. దేశం పోయినంత బాధ పడుతున్నాడు సూరిబాబు.

మా కఫీల్, అంటే మా యజమాని, నాలుగో వారంలో ఒక రోజు గడ్డం పెంచుకుని, ఎవరిదో పాత కారులో వచ్చాడు. ఇక్కడ మన పాస్‌పోర్టులు యజమానుల దగ్గరే ఉంటాయని చెప్పాను కదా. ఆయన వాటిని తన ఇంట్లో ఇనప్పెట్టెలో దాచాడు. మూడూ తెచ్చి మా చేతుల్లో పెట్టి, ఖలాస్, నా దగ్గర ఇంకేమీ లేదు, మీ ఊరు వెళ్ళిపోండి అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అంతటి మనిషి మా గది గుమ్మంలో నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటుంటే మాకేం చెయ్యాలో తెలియలేదు. ఆయన వెళ్ళాక పాస్‌పోర్టులు తెరిచి చూసుకున్నాం. నాది బాగుంది. సూరిబాబుది బాగుంది. ఓబులేసుది పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. మెల్లగా విడదీస్తే ఫోటోలో వాడి మొహం ఊడి ఎదురు పేజీకి అంటుకుంది. ఫోటో ఉండాల్సిన చోట భుజాలూ, చొక్కా కాలరూ మాత్రం మిగిలాయి. పేరు చేత్తో సిరాతో రాసింది కదా, అప్పుడే నీళ్ళలో కొంత అలికి, ఇప్పుడు పూర్తిగా చెరిగిపోయింది.

ఏ నీళ్ళలోనో నీకు తెలుసు. ఆ రోజు సంగతి ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను.

యజమాని ఇంట్లో పెళ్ళి వచ్చి మా ముగ్గురికీ ఒకేసారి సెలవిచ్చాడు. సెలవు చివర్లో ఓబులేసు రాయచోటి నుంచి మీ ఊరు వచ్చాడు. మీ ఇంట్లో నాలుగు రోజులుండి ముగ్గురం కలిసి బొంబాయి బయలుదేరాలని ఏర్పాటు. వాడు అంతకుముందు గోదావరి చూడలేదు. ఇన్ని నీళ్ళు ఊరికే పోతుంటే మీరెవరూ ఏమీ అనరా అని నన్ను నిజంగానే అడిగాడు. కొండల్లో వేళగాని వాన పడి ఆ వారం వాగు బాగా పారుతోంది. ఒడ్డున మోదుగులు పూసి ఉన్నాయి, గాలి చల్లగా ఉంది. ముగ్గురం ఎగువ దాకా దోనె లాక్కెళ్ళి అక్కణ్ణుంచి రాళ్ళ మీదుగా దిగి వద్దామన్న బుద్ధి నాదే. బావగారి దోనె అడక్కుండా తీసింది కూడా నేనే. సూరిబాబు తీశాడని చెప్పి వాడికి చివాట్లు పెట్టించాను. బావగారూ, ఇప్పుడు ఇంత దూరంలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా ఒప్పుకుంటున్నాను.

ఓబులేసు ముందు కూర్చుంటానన్నాడు. బాగా కనిపిస్తుందని కూర్చోబెట్టాను. వాడి చేతిలో ఒక తెడ్డు, వెనక నా చేతిలో ఒక తెడ్డు. మధ్యలో సూరిబాబు డబ్బాతో నీళ్ళు తోడుతూ, తమ కోనసీమలో అయితే ఈపాటికి రెండు ఊళ్ళు దాటేవాళ్ళమని కబుర్లు చెబుతున్నాడు. మొదటి రెండు చోట్లా నీళ్ళు రాళ్ళ మధ్య తెల్లగా విరిగి దోనెను ఎత్తి పడేస్తుంటే ఓబులేసు పగలబడి నవ్వాడు. కువైట్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నా వాడు అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. లాగమంటే లాగాడు, ఆపమంటే ఆపాడు. వాడికి పని వచ్చేసిందని నాకు గర్వంగా కూడా అనిపించింది.

మూడో చోట నల్ల బండ అడ్డంగా ఉండి వాగు రెండుగా చీలుతుంది. ఎడమ పాయ వెడల్పుగా, నెమ్మదిగా వెళ్తుంది. కుడి పాయ సన్నది, రాతి మెట్ల మీద నుంచి ఉరుకుతుంది. నేను వెనక కూర్చుని ఆలస్యంగా చూశాను. చూడగానే కేకేశాను. ఓబులేసు ఒక్క క్షణం కూడా తడబడకుండా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి దోనెను కుడి పాయలోకి తిప్పాడు. రెండోసారి అరిచేసరికి దోనె ముక్కు రాయికి కొట్టుకుంది, అడ్డం తిరిగింది, నిండింది, బోర్లా పడింది. నీళ్ళు నడుము లోతేనక్కా. అయినా లేచి నిలబడలేకపోయాను. కాలు పెట్టిన రాయల్లా జారింది. పట్టుకున్నదల్లా చేతిలోంచి పోయింది. చివరికి ఇసక తగిలినచోట ముగ్గురం లేచాం. సూరిబాబు తన గడియారం కోసం చూసుకుంటే ఓబులేసు నడుము తడుముకున్నాడు. పాస్‌పోర్టు ఎవరింట్లోనూ పెట్టే అలవాటు లేదు వాడికి. గుడ్డసంచీలో పెట్టి నడుముకి కట్టుకునే తిరుగుతాడు.

ఆ తర్వాత మన ఇంట్లో జరిగింది నీకు తెలుసు. కుడి ఎడమలు తెలియని వాడని సూరిబాబు మొదలుపెట్టాడు. నేను అందుకున్నాను. నువ్వు అన్నం వడ్డిస్తూ, ఏ చేత్తో తినాలో చెప్పమంటావా తమ్ముడూ అని వాణ్ణి అడిగావు. అందరం నవ్వాం. వాడూ తలొంచుకుని నవ్వాడు. పగిలిన దోనె చూసి బావగారు వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ వాడు పెరట్లో కూర్చుని బావగారికి కట్టెలు కొట్టిపెట్టాడు. నువ్వు పాస్‌పోర్టును పేజీ పేజీ విడదీసి ఎండలో ఆరబెట్టి బియ్యం బస్తా కింద పెట్టావు. నీ తప్పేమీ లేదు, అప్పటికి అది నయంగానే కనిపించింది. ఓబులేసు హైదరాబాదు వెళ్ళి కొత్తది తీసుకుంటానన్నాడు. అలా చేస్తే నెలలు పడుతుంది, వీసా గడువు పోతుంది, ఏం కాదులే రమ్మన్నాను. ఇక్కడ విమానాశ్రయానికి కఫీల్ మనిషి వీసా కాగితాలు పట్టుకుని వచ్చాడు కాబట్టి వాడు గట్టెక్కాడు. చూశావా, ఏం కాలేదని మళ్ళీ నేనే అన్నాను.

ఇప్పుడు అయింది. వాడి ఇఖామా, ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, కొత్తది చేయించడానికి ఆఫీసు బీరువాలో ఉండి బూడిదైంది. చేతిలో ఉన్నది ఆ పాస్‌పోర్టు ఒక్కటే. బస్సు జాబితాలు ఒక బడిలో రాస్తున్నారు. రాసేది మలయాళీ మాస్టారొకాయన, రోజంతా తిండి లేకుండా కూర్చుంటాడు పాపం. ఆయన ఓబులేసు పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. దీంతో ఎక్కిస్తే దారిలో సైనికులు ఇతన్ని దించేస్తారు, మొత్తం బస్సునే వెనక్కి పంపినా పంపుతారు అన్నాడు. ఇలాంటివాళ్ళకి వేరే కాగితం ఇస్తారట. ఇక్కడి మన ఎంబసీ బస్రాకి మారింది, కాగితం అక్కణ్ణుంచి రావాలి. ఎప్పుడొస్తుందని అడిగితే ఆకాశం వంక చూశాడు. అప్పటికి బస్సులు నడుస్తాయా అంటే అదీ తెలియదన్నాడు. సూరిబాబు సిరాతో పేరు మళ్ళీ దిద్దుదామన్నాడు కానీ ఓబులేసు ఒప్పుకోలేదు. దొంగ కాగితంతో దొరికితే ఇంకేమీ మిగలదని వాడి భయం. ఆ భయం సబబే. మా పక్క షెడ్డులో కాగితాల్లేని ఒకతన్ని జీపెక్కించుకుని పోయారు. మూడు రోజులకి తిరిగొచ్చాడు. అప్పటినుంచి గదిలోంచి బయటికి రావడం లేదు.

ఇదంతా వాడి ఖర్మ, వాడు తిప్పిన తెడ్డు ఫలితం అనే నేనూ అనుకున్నాను అక్కా, బుధవారం దాకా. ఆ రోజు పొద్దున్న నుంచీ కుళాయిలో నీళ్ళు లేవు. ముగ్గురం డబ్బాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఓబులేసు ఊరికే ఏదో మాట్లాడాలని అన్నాడు:

"ఇంత ఎండల్లో కూడా మా ఊరి వంకలో ఇసక తొవ్వితే ఊట ఉంటాదన్నా."

"మీ ఊరి వంక అంటే ఏ వంక? తూర్పా, పడమరా?"

వాడు నాకేసి వింతగా చూశాడు. "వంకంటే వంకేన్నా. సన్నగా పారే ఏరు. మీరు వాగంటారే, అది."

నేను నవ్వబోయాను. సూరిబాబు నవ్వలేదు. డబ్బా పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఒరే రాంబాబూ, ఆ రోజు నువ్వరిసింది ఆ మాటేరా. ఆ వంకకి తిప్పు అన్నావ్. నేనిన్నాను."

అవునక్కా. అదే అరిచాను. ఆ వంకకి తిప్పు, ఆ వంకకి తిప్పు అని రెండుసార్లు అరిచాను. మనకి అది అటువైపు అని. ఆ పూట కళ్ళెదురుగా ఒక పెద్ద పాయా, ఒక సన్న పాయా ఉన్నాయి. వాడి ఊళ్ళో సన్న పాయ పేరే వంక. నేను చెప్పినచోటికే వాడు తిప్పాడు. నా మాట మీద అంత నమ్మకంతో తిప్పాడు. ఎడమ అన్న ఒక్క ముక్క నా నోట్లోంచి వచ్చి ఉంటే ఈపాటికి వాడు రేపటి బస్సుకి మూట కట్టుకుంటూ ఉండేవాడు. ఆర్నెల్లు వాణ్ణి ఏడిపించాం. ఏ చేత్తో తింటావని నువ్వడిగావు, నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది, ఏడుపొస్తోంది.

వాడి భార్య రత్నమ్మకి ఇప్పుడు ఎనిమిదో నెల. కార్తీకంలో కాన్పు. అప్పటికి ఇంటికెళ్తానని వాడు గోడ మీద గీతలు గీస్తూ వచ్చాడు. మాస్టారు లేదన్న రోజు నుంచి గీయడం మానేశాడు.

అందుకే నేను ఎక్కడం లేదు. నేనుండి ఏం ఒరగబెడతానంటే చెప్పలేను. కాగితం తెప్పించలేను, సైనికుణ్ణి ఎదిరించలేను. నాకున్నదల్లా వర్క్‌షాపులో పట్టుబడ్డ నాలుగు అరబ్బీ ముక్కలు. ఓబులేసు రంగులేసే పనివాడు, నోరు తక్కువ, వాడికి అవి కూడా రావు. శుక్రవారం రోడ్డు మీద ఒక సైనికుడు ఆపి పాస్‌పోర్టు చూసి ఇది ఎవరని గద్దించాడు. నేను ఎదురు పేజీ తీసి, మొహం ఇక్కడుందయ్యా, ఎండకి ఇల్లు మారిందని చెప్పాను. చిన్న కుర్రాడు, నవ్వేసి పొమ్మన్నాడు. తర్వాతి వాడు నవ్వకపోవచ్చు. అప్పుడు పక్కన మాట్లాడే మనిషి ఒకడైనా ఉండాలి కదా. వాడికి కాగితం వచ్చేదాకా ఉంటాను. ఈ సంగతి చెప్పిన దగ్గర్నుంచి వాడు నన్ను పొమ్మని పోరుతున్నాడు. నిన్న రాత్రి అన్నం కూడా తినలేదు. నువ్వు పోకుంటే రత్నమ్మదే కాదు, మీ అక్క ఉసురు గూడా నాకు చుట్టుకుంటాదన్నా, అని ఒక్క మాట అని గోడకి తిరిగి పడుకున్నాడు.

నువ్వు భయపడకు. కంగారు పడి బావగారిని ఊళ్ళు తిప్పకు. చేతనైతే ఒక్క పని చెయ్యి. అడ్రసు సూరిబాబు చెబుతాడు, రత్నమ్మకి ఒక కార్డు ముక్క రాయి. ఓబులేసు క్షేమం, బస్సులు ఖాళీ లేక ఆలస్యమవుతోంది, అంతే. పాస్‌పోర్టు సంగతి రాయకు. చిన్నీని బళ్ళో వేసే ఉంటారు. పలక మీద నా పేరు రాయించు. సూరిబాబు వస్తే వాడికి చింతపండు పులుసు పెట్టు, మిగతా కబుర్లన్నీ వాడే చెబుతాడు, సగం నమ్మితే చాలు. అత్తయ్యగారికి నా నమస్కారాలు, ఆవిడ దీవెన నాకు ఇప్పుడు కావాలని చెప్పు. బావగారికి పాదాభివందనం. ఆ దోనె బాగు చేయించి ఉంటే ఈసారి అడిగే తీస్తానని మాటిస్తున్నాను. రొట్టెల లైనుకి వేళయింది. నా మీద కోపం తెచ్చుకోకక్కా.

నీ దీవెనలు కోరుకునే తమ్ముడు,
రాంబాబు

*

అక్కా, నేను ఓబులేసును. అన్నా, సూరిబాబూ రొట్టెలకు పోయినారు. వాళ్ళు వచ్చేలోపల ఈ ఎనక పక్క రాస్తాండా. అన్న రాసిందంతా చదివినా, తప్పనుకోవద్దు.

ఆ పొద్దు అన్న రెండోతూరి అరిచినప్పుడే నాకు తెలిసింది, ఆయన చెప్పేది వేరే అని. అప్పటికే దోనె నా చేతిలో లేదు. నీ ఇంట్లో నీ తమ్మునిదే తప్పని యెట్ల చెప్పేది? నువ్వు నవ్వుతాంటే నాకేం బాధ కాలేదక్కా. మా ఇంట్లో నన్ను చూసి నవ్వేదానికి అక్కలు లేరు.

ఈయన్ను పొమ్మని శానా చెప్పినా. ఇనడు. నేను ఈ గదిలో ఉన్నన్నాళ్ళు ఈయన కదలడు. అందుకే నేనే పోతాండా. మా పక్క ఊరోళ్ళు ఉండేచోటికి. యాడికో ఇందులో రాయను, అన్న సూస్తాడు. సూరిబాబుకు కూడా చెప్పలే. అన్న మూట కట్టి తలుపు కాడ పెట్టినా. నేను కనపడకుంటే రేపటి పొద్దుకు బస్సు ఎక్కుతాడనే నా ఆశ. ఎక్కించేది నా చేతిలో లేదు.

రత్నమ్మకు అన్న చెప్పినట్టే రాయి.

ఈ కాగితం సూరిబాబు తెచ్చింటే, నేను చేసింది ఉత్తదే అనుకో. అన్నే తెచ్చింటే ముందు అన్నం పెట్టక్కా. వాన్ని యాడ ఇడిచిపెట్టి వచ్చినావని మాత్రం అడగొద్దు.